డాబా తలుపు తాళంచెవి

గీజరు గొట్టానికి ఆనించగానే టెస్టర్ పిడిలో దీపం వెలిగింది. లాజరస్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"కరెంటు పాస్ అయితున్నదమ్మా. మిస్త్రీ వచ్చేదాంక ముట్టకుండ్రి."

పంజాగుట్టలో ఆ పొద్దుటికి అది రెండో ఇల్లు. బీమా ఏజెంటు ప్రమోద్ ఆఫీసులో లాజరస్ పని అదే. ఎవరైనా ఇంటికి బీమా కట్టించినా, పాత పాలసీ కొనసాగించినా, వెళ్లి ఇల్లు చూసి ఫారం నింపి తేవాలి. వయసు యాభై తొమ్మిది. మనిషి పొట్టి, సంచి మోసీ మోసీ కుడిభుజం కాస్త కిందికి జారింది. సంచిలో టార్చి, కొలత టేపు. చొక్కా జేబులో ఎర్రపిడి టెస్టర్. గోడమీద వేళ్లతో తట్టి చెమ్మ ఎక్కడుందో చెప్పగలడు. ఊళ్లోవాళ్ల ఇళ్లన్నీ చూసినవాడికి తనదంటూ ఒక్క గోడ లేదు.

అతని ఏడుపంతా అక్కడే ఉంది. మనిషి మంచివాడే, చర్చిలో కానుక సంచి పట్టుకు తిరుగుతాడు కూడా. కానీ ఒక్క ఇంటి గుమ్మం ముందు నిలబడితే మాత్రం కడుపు భగ్గున మండుతుంది. ఆ ఇల్లు మైత్రీవనం వెనక సందులో ఉంది. ఈ రోజు మూడోది అదే.

ఇరవయ్యారేళ్ల కిందట ఆ సందులో ఎనభై గజాల్లో ఒక పెంకుటిల్లు అమ్మకానికొచ్చింది. లాజరస్ చూశాడు, నచ్చింది, సొమ్ము కూడా సర్దుకున్నాడు. కొత్త సంవత్సరం ఆరాధనలో బైబిలు వాక్యం రాసిన వాగ్దానపు చీటీ తీస్తే, ఓపికతో కనిపెట్టుకొమ్మన్న అర్థం వచ్చే మాట పడింది. సరే, దేవుడే ఆగమన్నాడని అడ్వాన్సు ఇవ్వకుండా ఆగాడు. దేవుడు ఓపిక పట్టమన్నాడు గానీ, పెంకుటిల్లు ఓపిక పట్టలేదు. తన పక్క వాటాలోనే అద్దెకుండే రామ్మోహనరావు వారం తిరక్కుండా అడ్వాన్సు ఇచ్చేశాడు. తర్వాత మూడంతస్తులు లేపాడు. నాలుగేళ్ల కిందట పైఅంతస్తులన్నీ ఆడపిల్లల హాస్టల్‌కు అద్దెకిచ్చాడు.

ఆ నాలుగేళ్లూ లాజరస్ ఒక పని చేశాడు. ఫారంలో 'యజమాని నివాసం' అన్న గడిలోనే టిక్కు పెడుతూ వచ్చాడు. కింద యజమాని ఉంటున్నాడు కదా, అబద్ధమేముందని తనకు తాను చెప్పుకున్నాడు. హాస్టల్ సంగతి దాచిన ఇల్లు కాలితే కంపెనీ పైసా ఇవ్వదని అతనికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. కాలాలని కోరుకోలేదు. కాలితే ఏమవుతుందో తెలిసి ఊరుకున్నాడు, అంతే. ఆ ఊరుకోవడంలో ఒక తీపి ఉండేది.

గేటు దగ్గరికి వచ్చేసరికి ఎడమ చెయ్యి మళ్లీ గుంజింది. సోమాజిగూడలో డాక్టరుకు చూపించుకొమ్మని యేసుమణి పది రోజులుగా పోరుతోంది. భార్య మాట వచ్చే వారానికి వాయిదా వేయడం అతనికి అలవాటే.

మెట్ల కింద గ్యాస్ సిలిండర్లు నాలుగు. రెండో అంతస్తులో ఒకే ప్లగ్గుకు మూడు హీటర్లు, బోర్డు నల్లగా మాడి ఉంది. మూడో అంతస్తు పైన డాబా తలుపుకు తాళం. తాళంచెవి ఎక్కడని అడిగితే, కింద అంకుల్ దగ్గరుంటుందని ఒక అమ్మాయి చెప్పింది. మంచాలు లెక్కపెట్టాడు, ముప్పై రెండు. రైలింగు పట్టుకుని ఆగి ఆగి దిగాడు.

రామ్మోహనరావు దంపతులు ఉండేది మోటారు పక్క ఒంటిగదిలో. నాగేశ్వరి కుర్చీ వేసింది.

"మీరొచ్చారు, ఇంక ఈయన హాయిగా నిద్రపోతారండీ," అంది. "ఎవరేం చెప్పినా వినరు. లాజరస్ గారు చూశారు కదా, మనకేంటి భయం అంటారు."

లాజరస్ పెన్ను మూత తీసి ఆగాడు. ఎవడి కొంప మునిగితే చూద్దామనుకున్నాడో, వాడు తన సంతకం మీద తలపెట్టుకుని నిద్రపోతున్నాడు. ఫారం తీసి, పాత గడి వదిలేసి, పక్కన రాశాడు: హాస్టల్, ముప్పై రెండు మంది, మెట్ల కింద సిలిండర్లు, డాబాకు తాళం.

"రావుగారూ, నాలుగేండ్ల సంది నేను తప్పు రాసిన. హాస్టల్ అని చెప్పలే. ఏమన్న అయితే మీకు రూపాయి రాదు."

రామ్మోహనరావు కళ్లజోడు తీశాడు. "ఎందుకండీ?"

"కుళ్లు. ఇంకేముంటది."

రామ్మోహనరావు కళ్లజోడు తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు.

"ఇల్లు కట్టి చూడమన్నారు గానీ, కట్టాక నిద్రపోయి చూడమనలేదు ఎవరూ," అన్నాడు. "ఆ రోజు మీ స్థలానికి అడ్వాన్సు ఇస్తున్నానని మీతో ఒక్క మాట అనలేదు నేను. అంటే మీరే ముందెళ్లి ఇచ్చేస్తారని భయం."

మీ స్థలం అన్నాడు. ఇరవయ్యారేళ్లలో మొదటిసారి. లాజరస్‌కు కుళ్లు పోలేదు గానీ, మంట కాస్త తగ్గింది.

"సిలిండర్లు ఇయ్యాల్నే బయట పెట్టించుండ్రి. వైరింగ్ మార్పించుండ్రి. డాబా చెవి నాకియ్యండ్రి. అది తలుపు కాడ్నే ఉండాలె."

"టీ పెడుతున్నానండీ, తాగి ఎక్కండి," అంది నాగేశ్వరి.

"వచ్చి తాగుత."

టీ మీద మీగడ కట్టింది. నాగేశ్వరి పైకి వెళ్లి చూస్తే డాబా తలుపు బార్లా తెరిచి ఉంది. ఆరేసిన దుప్పట్ల అవతల, నీళ్ల ట్యాంకు నీడలో, లాజరస్ కాళ్లు చాపుకుని కూర్చుని ఉన్నాడు. పిలిచింది. పలకలేదు. భుజం తాకి చూసి, మెట్ల దగ్గరికి పరుగెత్తి భర్తను కేకేసింది.

మూడో రోజున నారాయణగూడ సమాధుల తోటలో లాజరస్‌కు మట్టి ఇచ్చారు. రామ్మోహనరావు చివరిదాకా నిలబడ్డాడు. ఆ వారమే వైరింగ్ మార్పించాడు. కొత్త పాలసీ హాస్టల్ పేరుతోనే వచ్చింది.

గోడలకు రంగు వేసినవాళ్లు డాబా తలుపు పక్క దాన్ని తీసేయబోతే వద్దన్నాడు. ఆ రోజు మేకు దొరక్క, గోడకున్న బెజ్జంలో లాజరస్ గట్టిగా దిగ్గొట్టిన ఎర్రపిడి టెస్టర్ అది. దానికి తాళంచెవి వేలాడుతోంది.