కొప్పులో దాచిన ముల్లు

పొద్దున్నే దుప్పటి దులిపితే రాత్రి వీపు నుంచి రాలిన ముళ్ళు కింద పడతాయి. భారతమ్మ వాటిని ఏరి కిటికీలో పెట్టి, అప్పుడు కాఫీ పెట్టుకుంటుంది. చండ్రుగొండ దర్జీ ఆమె జాకెట్లకు వీపున గుడ్డ వేయడం మానేశాడు, కూలి మాత్రం తగ్గించలేదు. ఆటోలో పక్కవాళ్ళు కాస్త అటు తిరిగి కూర్చోమంటారే గానీ, ఈ ముళ్ళు ఎందుకొచ్చాయని అడిగినవాళ్ళు లేరు. ఒకరికి మోకాళ్ళ నొప్పులు, ఒకరికి షుగరు, భారతమ్మకు ముళ్ళు. భర్త వెంకటరామారావు మంచం వరండాలోకి మార్చుకుని, తన గురక మీద గొడవ ఇన్నాళ్ళకు తీరిందని లోలోపల సంబరపడ్డాడు.

ఎందుకొచ్చాయో ఆమెకొక్కదానికే తెలుసు.

మిరపకాయ ఏరుడు మొదలైన వారంలో ఆమె చిలగడదుంపల మడిని రాత్రికి రాత్రే ఎవరో తవ్విపోశారు. ముందురోజు ఆ గట్టు మీద కూర్చుని సద్ది తిన్నది కూలికొచ్చిన పద్మావతమ్మ. అంతే, ఆడవాళ్ళందరి ముందూ దొంగ అనేసింది భారతమ్మ. పద్మావతమ్మ కొంగు విప్పి దులిపి చూపించి, కాయలేరే తన బుట్ట అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం మడి చదును చేస్తుంటే గుంటలో దొరికింది, నలుపూ తెలుపూ చారలతో జానెడు ఏదుపంది ముల్లు. అడవిలోంచి వచ్చి దుంపలు మెక్కిపోయిన దొంగ అదన్నమాట. పారేస్తే ఎవరి కంటైనా పడుతుందని, భారతమ్మ అటూ ఇటూ చూసి దాన్ని కొప్పులో దోపుకుంది. తెల్లారేసరికి అది వేరు పట్టింది. మెడ నుంచి నడుం దాకా ముళ్ళు వరసగా మొలిచాయి.

పద్మావతమ్మ పేరు వినబడితే చాలు, ముళ్ళన్నీ నిక్కబొడుచుకుని గలగలమంటాయి. భారతమ్మ చటుక్కున వీపు తిప్పేస్తుంది.

"ఏదుపందికి కోపమొచ్చి ముళ్ళు లేవవే," అన్నాడు ఓ రోజు వెంకటరామారావు. "భయమేస్తేనే అలా వీపు తిప్పి గలగలలాడిస్తుంది. నీకు పద్మావతంటే భయమేంటి?"

పెనం మీద అట్టు మాడిపోతోందంటూ ఆమె లోపలికి పారిపోయింది. మర్నాడు ఓ సంచీ నిండా దుంపలు పద్మావతమ్మ ఇంటికి పంపింది. సంచీ మూతి విప్పకుండానే తిరిగొచ్చి గేటుకు వేలాడింది.

రెండో ఏరుడుకి కూలీలను తీసుకొచ్చిన మేస్త్రి భద్రమ్మ, పద్మావతమ్మ సంగతి తనే ఎత్తింది. "ఆమెను పనికి ఎవ్వలు పిలుస్తలేరమ్మా. దొంగ పేరు పడ్డది గద. బిడ్డను దీస్కొని ఇయ్యాల్నే వైరా పోతదట. అగో, బుట్ట కోసం అచ్చింది."

గట్టు మీద పద్మావతమ్మ. పక్కన బిడ్డ, గుడ్డలమూట.

ముళ్ళు ఎంత గట్టిగా మోగాయంటే, వంగి కాయలేరుతున్న వాళ్ళంతా నడుములెత్తి చూశారు. భారతమ్మ అప్పటికే వీపు తిప్పేసింది.

"వీపుతోని ఏం మాట్లాడుతవమ్మా?" అంది పద్మావతమ్మ. "ఏమన్న ఉంటే ఇటు దిరుగు."

ఏదుపందికి పొట్ట మీద ముళ్ళుండవు. భారతమ్మకూ ముందువైపు పాత వాయిలు చీర తప్ప ఇంకే అడ్డమూ లేదు. తిరిగింది. మొహం మిరపపండులా కందిపోయింది.

"మడి తవ్వింది ఏదుపంది," అంది, అందరికీ వినబడేలా. "ఆ సాయంత్రమే తెలిసింది నాకు. ముల్లు దొరికితే కొప్పులో దాచుకున్నాను. నువ్వు తియ్యలేదని తెలిసే ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నాను."

ముళ్ళు వాటంతటవే వాలిపోయాయి.

పద్మావతమ్మ పోనీలే అనలేదు. భారతమ్మ వెనక్కి వెళ్ళి, కొప్పులోంచి ఆ మొదటి ముల్లును పీకింది. చురుక్కుమన్నా భారతమ్మ తల వంచే ఉంచింది.

"ఇది నాది," అని దాన్ని తన కొప్పులో గుచ్చుకుని, పద్మావతమ్మ బుట్ట చంకన పెట్టుకుంది. భద్రమ్మ జరిగి తన పక్క సాలు చూపించింది. రోడ్డు మీద వైరా బస్సు హారన్ కొట్టీ కొట్టీ వెళ్ళిపోయింది.

భారతమ్మ ముళ్ళు ఇంకా రాలుతూనే ఉన్నాయి, కొత్తవి మొలవలేదు. వెంకటరామారావు మంచం మాత్రం వరండాలోనే ఉంది. పద్మావతమ్మ రోజూ ఆ ముల్లు పెట్టుకునే పనికొస్తోంది. ఆమె కొప్పులో అది వేరు పట్టలేదు.