బేకరీవాళ్ళ బ్లాగు

తెల్లారకముందే అక్క ఓవెన్ వెలిగించేది. పిండి ముందురోజే కలిపి తడిగుడ్డ కప్పి ఉంచేది కాబట్టి, లేవగానే దానికి నాలుగు గుద్దులు గుద్ది గాలి తీసి, ముద్దలు చేసి అచ్చుల్లో సర్దేది. చెల్లి లేచేసరికి మొదటి వాయి బయటికొచ్చేసేది. చెల్లి మొహం కడుక్కుని, కౌంటర్ తుడిచి, అద్దాల బీరువాలో ఒకవైపు బన్నులు, ఒకవైపు రస్కులు పేర్చి, ఫోన్ పట్టుకుని స్టూలు మీద కూర్చునేది. అక్కకి ఓవెన్, చెల్లికి కౌంటర్. ఆ పంపకంలో ఇద్దరికీ ఏనాడూ పేచీ రాలేదు.

పేచీ సలహాల మాస్టారితో వచ్చింది. ఆయన ఫోన్ల షాపు మీద గదిలో, చిన్న చిన్న వ్యాపారాలు చేసుకునేవాళ్ళకి ఆన్‌లైన్‌లో సరుకు ఎలా అమ్ముకోవాలో పాఠాలు చెప్పేవాడు. ఒకప్పుడు ఆయనకీ చెప్పుల కొట్టు ఉండేది, అది మూతపడింది. మూతపడిన కొట్టులో నేర్చుకున్నదంతా ఇప్పుడు తెరిచి ఉన్న కొట్లవాళ్ళకి నేర్పుతున్నాడు. తాళంచెవులు చేసే ఆయన, ఫోటో స్టూడియో ఆయన, బట్టలు కుట్టే ఆవిడ, వాళ్ళతోపాటు మన చెల్లి, ప్లాస్టిక్ కుర్చీల్లో వరసగా కూర్చుని వినేవారు. కొనండి కొనండి అని అరిస్తే ఎవడూ కొనడు, ముందు ఉచితంగా ఏదో ఒకటి ఇవ్వాలి, రోజూ బ్లాగు రాయాలి, మీ సరుకు వాసన చదివేవాడి ముక్కుకి తగలాలి, అని ఆయన చెప్పాడు. మిగతావాళ్ళు బుద్ధిగా తలలూపి, మెట్లు దిగేలోపు మర్చిపోయారు. చెల్లి మాత్రం ఇంటికొచ్చి రాసింది.

మొదటిది వెన్న బన్ను గురించి. వేడి బన్నుని రెండుగా విడదీస్తే లోపలి దూది ఎలా సాగుతుందో, వెన్న ఎక్కడ కరిగి ఎక్కడ కరక్కుండా మిగులుతుందో, అడుగున మాడీ మాడని చోట పళ్ళకి ఎలా తగులుతుందో రాసింది. అమ్మాయికి రాయడం వచ్చని అప్పటిదాకా ఎవరికీ తెలీదు, ఆమెకీ తెలీదు. చదివినవాళ్ళకి కడుపు నిండింది. నిండిందంటే మాటవరసకి కాదు, ఒక బన్ను తింటే ఎంత నిండుతుందో అంత నిండింది. కొందరికి తేన్పు కూడా వచ్చింది.

మర్నాడు రస్కు గురించి రాసింది. ఆ తర్వాత క్రీమ్ బన్ను, పాల బ్రెడ్, జీడిపప్పు బిస్కెట్లు. కొన్నాళ్ళకి ఊళ్ళో సగం మంది పొద్దున్నే బేకరీవాళ్ళ బ్లాగు తెరవడం అలవాటు చేసుకున్నారు. టీ మాత్రం ఎవరిది వాళ్ళే పెట్టుకునేవారు. పిల్లలు బడికెళ్ళే హడావుడిలో ఉంటే తల్లులు పక్కన నిలబడి చదివి వినిపించేవారు. ఒక అత్తగారు, మా కోడలు గబగబా చదివేస్తుంది, నాకు అరగడం లేదు అని ఇరుగుపొరుగుకి చెప్పుకుంది. చక్కెర జబ్బు ఉన్నవాళ్ళు క్రీమ్ బన్ను జోలికి పోకుండా రస్కు వరకు చదివి ఆపేయాలని డాక్టరు చీటీలో రాసిచ్చేవాడు. నిన్నటి దాంట్లో ఉప్పు తక్కువైందని ఎవరో కామెంట్ పెడితే, క్షమించండి, రేపు చూసుకుంటానని చెల్లి జవాబిచ్చింది. ప్రతి కామెంట్‌కీ మర్యాదగా జవాబివ్వాలని కూడా సలహాల మాస్టారు చెప్పి ఉన్నాడు.

కడుపు నిండినవాడు బేకరీకి ఎందుకొస్తాడు? అద్దాల బీరువాలో బన్నులు సాయంత్రానికి పొద్దుటి వరసలోనే ఉండేవి. అక్క నాలుగు ట్రేలు చేసే చోట రెండు చేసింది, తర్వాత ఒకటి చేసింది. మిగిలినవి ఎండబెట్టి రస్కులు చేసింది, ఆ రస్కులూ మిగిలాయి. చెల్లి కౌంటర్ దగ్గర కూర్చుని మిగిలినవాటిలో మెత్తటివి ఏరుకుని తింటూ కామెంట్లకి జవాబులు రాసేది. ఈగలు తోలుకోవడానికి కూడా తీరిక లేదు పాపం.

ఆ బేకరీ అక్కకి ఎవరో ఇస్తే వచ్చింది కాదు. అమ్మ పోయి, నాన్న ఇంకో ఇల్లు చూసుకున్నాక, చంటిపిల్లైన చెల్లిని చంకనేసుకుని అదే బేకరీలో ట్రేలు కడిగే పనికి చేరింది. కడిగి, కలిపి, కాల్చి, చివరికి బేకరీ యజమాని పెద్దాయన వయసైపోయి వదిలేస్తే తన చేతుల్లోకి తీసుకుంది. మోచేతుల దాకా కాలిన మచ్చలు. అది పోతే ఆమెకి ఇంకో పని రాదు, ఇంకో చోటు లేదు. ఆ సంగతి అక్కకి తెలుసు, ఓవెన్‌కి తెలుసు. చెల్లికి తెలుసో లేదో చెప్పలేం.

ఒకరోజు సలహాల మాస్టారు స్వయంగా బేకరీకి వచ్చాడు. అప్పటికి ఆయన రోజూ ఆ బ్లాగుతోనే కడుపు నింపుకుంటున్నాడు, కాస్త ఒళ్ళు కూడా చేశాడు. ఓవెన్ చల్లగా ఉండటం చూశాడు. నమ్మకం పెరుగుతోంది, అమ్మకం తర్వాత వస్తుంది అన్నాడు. బ్లాగులో "మా గురించి" అని ఒక పేజీ ఉండాలనీ, అందులో సరుకు గురించి కాకుండా మనిషి గురించి రాయాలనీ చెప్పి, చేతులు దులుపుకుని వెళ్ళిపోయాడు.

చెల్లి అక్క గురించి రాసింది. మా అక్క విచిత్రమైన మనిషి, చేయడమే గానీ తినడం తెలీదు, చిన్నప్పటినుంచీ ఆకలన్నదే ఎరగదు, రొట్టె మొత్తం నా చేతిలో పెట్టి గోడకి ఆనుకుని నన్ను చూస్తూ కూర్చునేది, నేను నవ్వితే నవ్వేది, అని సరదాగా రాసింది. అది చదివి జనం తెగ ముచ్చటపడ్డారు. ఆకలి లేని బేకరీ అక్క అని పేరు పెట్టారు. రోడ్డు మీద కనిపిస్తే ఆ పేరుతోనే పలకరించేవారు. పలకరించేవారే తప్ప ఒక్కరూ బన్ను కొనేవారు కాదు.

అక్క ఆ పేజీ చదవలేదు. ఫోటో స్టూడియో ఆయన చదివి వినిపించాడు. విని ఇంటికొచ్చింది. ఆ సాయంత్రం షట్టర్ సగం దించాక చెల్లితో, ఈ బ్లాగు ఆపెయ్, అంది.

చెల్లి ఫోన్‌లోంచి తలెత్తలేదు. "ఎందుకు ఆపాలి?"

"కొట్టు మునిగిపోతోంది."

"నీ బ్రెడ్ కన్నా నా రాతే బాగుందని వాళ్ళే అంటున్నారు. అందుకని కుళ్ళు నీకు."

అక్క చీపురు అందుకుని ఊడవసాగింది. చెల్లికి అక్కడితో ఆపడం చేతకాలేదు. "ఇన్నాళ్ళూ నేను నీ వెనక తిరిగే పిల్లని. ఇప్పుడు నన్ను చూడ్డానికి మనుషులున్నారు. నువ్వు చేసిందేముంది, పిండి పిసికావు. ఎవరైనా పిసుకుతారు."

అది నోరుజారిన మాట కాదు. తగలాలనే అంది, తగిలింది. అక్క అప్పుడే కేకలేసి, నాలుగు తగిలించి, ఏడ్చి ఉంటే ఇద్దరికీ మంచి జరిగేది. ఆమె మిగిలిన గచ్చు ఊడ్చి, చెత్త బయట పోసి, చేతులు కడుక్కుంది.

మర్నాడు పొద్దున్న అక్క ఏప్రన్‌తోనే ఫోన్ల షాపు మీద గదికి వెళ్ళింది. జనం మా కొట్టుకి రావాలంటే ఏం చేయాలని అడిగింది. సలహాల మాస్టారు ఆ రోజు బ్లాగు చదువుతూ ఉన్నాడు, మధ్యలో లేచే పని పెట్టుకోలేదు. అందరికీ చెప్పేదే ఆమెకీ చెప్పాడు. "అక్కర్లేనివాడికి అమ్మలేం అమ్మా. ముందు అవసరం పుట్టించాలి, తర్వాత సరుకు చూపించాలి. మీ సొంత అనుభవం రాయండి. కల్పించి రాస్తే జనం పట్టేస్తారు."

ఆయన ఇచ్చిన సలహాల్లో అక్షరాలా పాటించబడింది ఆ ఒక్కటే అనుకుంటాను. అక్క కొట్టుకి తిరిగొచ్చి, చల్లారిన ఓవెన్ పక్కన పిండి మూట మీద కూర్చుని, చూపుడువేలు ఒక్కదానితో ఫోన్‌లో రాయడం మొదలుపెట్టింది. మధ్యాహ్నం దాకా రాసింది. చెల్లి అప్పుడే రెండు పాల బన్నులు తిని నీళ్ళు తాగి కూర్చుని ఉంది. అక్క వచ్చి ఫోన్ చేతికిచ్చింది. చదివి బ్లాగులో పెట్టమంది.

అక్కకి ఇన్నాళ్ళకి బుద్ధి వచ్చిందని చెల్లి సంబరపడింది. చదవసాగింది.

"ఆకలి కడుపులో మొదలవదు," అని రాసింది అక్క. "చెవుల్లో మొదలవుతుంది. పక్కన ఎవరైనా నములుతుంటే ఆ చప్పుడు గది నిండా వినిపిస్తుంది. నోట్లో నీళ్ళూరతాయి, వాటినే మింగాలి. తర్వాత మంచినీళ్ళు తాగాలి. కడుపు కాసేపు మోసపోతుంది, మోసం తెలిశాక కోపంగా లేస్తుంది. మర్నాటికి కడుపు అడగడం మానేస్తుంది, మోకాళ్ళు అడుగుతాయి. అప్పుడు గోడకి ఆనుకుని కూర్చోవాలి. నవ్వితే కొంచెం ఓపిక ఖర్చవుతుంది, అయినా నవ్వాలి."

ఇంకా చాలా ఉంది. చెల్లి చివరిదాకా చదివే లోపలే రెండు బన్నులు తిన్న కడుపు వీపుకి అంటుకుపోయింది. ట్రేలోంచి ఒక బన్ను తీసి నోట్లో కుక్కుకుంది. ఇంకోటి కుక్కుకుంది. గొంతు దిగుతున్నాయి గానీ ఎక్కడికీ చేరడం లేదు. ఆ ఆకలి పుట్టిన చోట బ్రెడ్ లేదు కాబట్టి బ్రెడ్‌తో తీరేది కాదు అది. చెల్లి స్టూలు మీంచి జారి గచ్చు మీద కూలబడి, గోడకి ఆనుకుంది.

"అక్కా, ఇది ఎప్పటిది?"

అక్క ఖాళీ ట్రే తుడుస్తోంది. "నువ్వు తింటున్నప్పటిది."

"పనిలో తినొచ్చానని చెప్పేదానివి."

"చెప్పాను," అంది అక్క. "ఇక పెట్టు, జనం చూస్తుంటారు."

చెల్లి పెట్టింది.

గంట తిరక్కుండా బేకరీ ముందు జనం చేరారు. పొద్దున క్రీమ్ బన్ను గురించి హాయిగా చదువుకున్నవాళ్ళే, ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ వచ్చారు. తాళంచెవుల ఆయన కొనుక్కున్న బ్రెడ్‌ని కాగితంతో సహా కొరికాడు. ఒక తండ్రి పిల్లాడి చేతిలో బన్ను లాక్కుని తినేసి, తర్వాత ఆ పిల్లాణ్ణి ఎత్తుకుని ఏడ్చాడు. బట్టలు కుట్టే ఆవిడ తన ముందు నిలబడ్డ ముసలాయన్ని మోచేత్తో పొడిచి పక్కకి నెట్టింది. డాక్టరు చీటీల మాట ఎవరికీ గుర్తులేదు, డాక్టరు కూడా లైన్లోనే ఉన్నాడు. లైన్లో అందరికన్నా ముందు సలహాల మాస్టారు, రెండు చేతుల్లో రెండు బన్నులతో, ఇదంతా తను చెప్పిన పద్ధతేనని నోటి నిండా నములుతూ వెనకవాళ్ళకి వివరించాడు. అక్క ఓవెన్ వెలిగించింది. నాలుగు ట్రేలు సరిపోక ఎనిమిది పెట్టింది.

ఆ ఆకలి మర్నాటి తెల్లవారేదాకా ఉండి, దానంతట అదే పోయేది. పోయేలోపు అక్క ఇంకోటి రాసేది. రాయడానికి ఆమెకి కొరతేముంది, ఆకలి సంవత్సరాలు అన్ని ఉన్నాయి. జనం మానుకోలేకపోయారు. ఇవాళైనా చెల్లి వెన్న బన్ను గురించి రాసి ఉంటుందేమోనని ఆశగా తెరిచేవారు, తెరిచాక మూసేలోపే రెండు వాక్యాలు కంట్లో పడేవి. చెల్లి ఇక వెన్న బన్ను గురించి రాయలేకపోయింది. కూర్చుంటే పక్కన నమిలే చప్పుడే చేతికి వచ్చేది. కొట్టు మాత్రం బ్రహ్మాండంగా నడిచింది. అక్క పక్క గది కూడా తీసుకుని ఇంకో ఓవెన్ పెట్టించింది.

ప్రతి పోస్ట్ మొదట చదివేది చెల్లే. ఒకరోజు, చెంపలు లోపలికి పోయిన మొహంతో, అక్క ఫోన్ ఇస్తుంటే చేయి చాపలేదు.

"చదవకుండా కూడా పెట్టొచ్చక్కా. నొక్కడం నీకు నేర్పిస్తాను. ఒక్క బటనే."

అక్క చేతికున్న పిండి ఏప్రన్‌కి తుడుచుకుంది. చెల్లి మొహంలోకి చాలాసేపు చూసింది, ప్రేమగానే చూసింది. అదే భయంకరం.

"నాకెందుకే, నువ్వున్నావుగా. చదివే పెట్టు."

చెల్లి ఫోన్ తీసుకుంది. ఆ రోజుది చెల్లి పుట్టినరోజు గురించి. చాలా చిన్నప్పుడు, అక్క ఎక్కడినుంచో ఒక కేకు ముక్క కాగితంలో చుట్టి తెచ్చిన రోజు. పైన గులాబీరంగు క్రీము, మధ్యలో జాము. అప్పట్నుంచీ ఎప్పుడు దిగులేసినా చెల్లి ఆ కేకునే తలుచుకునేది, తలుచుకోగానే నాలుక మీదకి ఆ తీపి వచ్చేది. ఈ ఆకలి రోజుల్లో ఆమెకి మిగిలింది అదొక్కటే. బయట అప్పుడే లైను కడుతున్నారు. చెల్లి మొదటి వాక్యం నుంచి చదివింది. చెల్లి పడుకున్నాక అక్క ఆ కాగితానికి అంటిన క్రీముని ఏం చేసిందో కూడా అందులో ఉంది. చదవడం పూర్తయ్యాక ఆ కేకు రుచి ఎంత తలుచుకున్నా రాలేదు.