పట్టుకున్నానన్న మాట

కంప్యూటర్లో వారంటీ ఫారం తెరిచి పేరు, ఊరు, కెమెరా లెన్సు నంబరు, కొన్న తేదీ అన్నీ చకచకా నింపేసిన అభిషేక్ తొమ్మిదో ప్రశ్న దగ్గర చతికిలబడ్డాడు. ‘వస్తువు ఎప్పుడైనా కింద పడిందా?’ పక్కన రెండు గళ్ళు, అవును, కాదు అని. అవును అంటే వారంటీ వర్తించదు. కాదు అంటే కొరియర్ మనిషి ఇంటికొచ్చి మరీ లెన్సు పట్టుకెళ్తాడు, బాగుచేసి తెచ్చిస్తారు. గడువు ఇంకా మూడు రోజులే ఉంది.

లెన్సు చూడ్డానికి నిక్షేపంగా ఉంది. అంచున వడ్లగింజంత సొట్ట, అదీ వేలితో తడిమితేనే తెలుస్తుంది. కాకపోతే దూరాన ఉన్న పిట్ట మీద ఫోకస్ పెట్టబోతే లోపల గరగరమని ఆగిపోతోంది. పిట్టల కోసమే కొన్న లెన్సు మరి. బచేలి టౌన్‌షిప్పులో పుట్టి, నాన్న పనిచేసిన ఇనుప గనిలోనే పనిచేస్తున్న అభిషేక్‌కి సెలవు రోజున ఎర్ర దుమ్ము దాటి అడవిలోకి పోవడం ఒక్కటే సరదా.

భార్య ఉదయశ్రీ టీ తెచ్చిపెట్టి, భుజం మీదుగా ఫారం చదివింది. కాదని రాసి పారేయమంది. ఆ గరగర వాళ్ళ తయారీ లోపం కాదని ఎవరొచ్చి చూశారంది. “మీరేమైనా పడేశారా? ఆ మాసా పడేస్తే మీరెందుకండీ ఇలా నలిగిపోతారు?”

అభిషేక్ టీ వైపు చూశాడు గానీ ఆమె వైపు చూడలేదు. మాసా పడేశాడని ఆమెకు చెప్పింది తనే. ఆఫీసులో చెప్పిందీ తనే. నెల రోజులుగా ఎంతమందికి చెప్పాడంటే, పగటి పూట తనకే నిజమనిపించేది. పడుకోబోయేటప్పుడు మాత్రం కాదు.

మాసాది సరిహద్దున తెలుగు మాట్లాడే కిష్టారం వైపు. ఇల్లరికం వచ్చి, బచేలి కొండల కింద అత్తవారి ఊళ్ళో స్థిరపడ్డాడు. యాభై దాటినా జీలుగు చెట్టెక్కి కల్లు గీయడంలో ఆ చుట్టుపక్కల అతని తర్వాతే ఎవరైనా. కుండ కిందికి అందించేటప్పుడు “పట్టినవా?” అని అడుగుతాడు. కిందివాళ్ళు “పట్టిన” అంటేనే చెయ్యి వదులుతాడు. ఊరంతా అదే అలవాటు. గొడ్డలి చేతులు మారినా, పసిపిల్ల చేతులు మారినా ఆ మాట అడగాల్సిందే, చెప్పాల్సిందే.

ఆ రోజు చెట్టు తొర్రలో కొండ మైనా పిల్లలకు మేత పెడుతోందని చూపించడానికి మాసాయే తీసుకెళ్ళాడు. ఊరివాళ్ళు మరో అయిదారుగురు వెంట వచ్చారు. పెద్ద లెన్సు మాసా దగ్గరుంది. అభిషేక్ తొర్ర మీద నుంచి కళ్ళు తిప్పకుండా చెయ్యి వెనక్కి చాచాడు. అరచేతిలో బరువు ఆనింది. “పట్టినవా సారూ?” అని వినబడింది. “ఆఁ, పట్టుకున్నా” అన్నాడు. అప్పుడే మైనా తొర్ర మీద వాలింది. వేళ్ళు ముడవకుండానే ఆ చేత్తో కెమెరా అందుకోబోయాడు. లెన్సు బండ మీద పడింది. వెనక్కి తిరిగి, అందరి ముందూ, “ఏంటి మాసన్నా, చూసి ఇవ్వొద్దా” అనేశాడు. మాసా తన రెండు అరచేతులూ చూసుకుంటూ నిలబడిపోయాడు.

వీధి గేటు చప్పుడైంది. అభిషేక్ బయటికి వచ్చేసరికి మాసా వరండా మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. చంకలో కాళ్ళు కట్టిన కోడిపుంజు. తప్పు చేసినవాడు కోడి పట్టుకుపోవడం వాళ్ళ ఊరి పద్ధతని అభిషేక్‌కి తెలుసు.

“తీస్కో సారూ. మనసుల పెట్టుకోకు” అన్నాడు మాసా.

కోడీ గీడీ ఎందుకులే అన్నాడు అభిషేక్. మాట మార్చడానికి, ఈ ఏడు జీలుగు కల్లు ఎలా ఊరుతోందని అడిగాడు. ఆ ఒక్కటీ అడక్కుండా ఉన్నా బాగుండేది.

“ఎక్కుతలేను సారూ. నువ్వు పట్టిన అన్నంకనే ఇడిసినట్టు నాకు యాదికుంది. కానీ నువ్వు అబద్ధం ఎందుకు చెప్తవ్? నా చేతులే ఎప్పుడు ఇడిసినయో నాకు తెల్వలే. గసొంటి చేతులతోని చెట్టెట్ల ఎక్కాలె? మనవణ్ణి గూడ ఎత్తుకుంటలేను.”

అభిషేక్ సిగ్గుతో చచ్చిపోయాడు. కంపెనీకేమో అసలు పడనే లేదని రాయాలి. మాసాకేమో నీ చేతిలోంచే పడిందని చెప్పేశాడు. ఒక్క లెన్సుకు రెండు అబద్ధాలు. అందులో ఒకటి ఒక మనిషిని నెల రోజులుగా చెట్టెక్కకుండా చేసింది. తన మీద తనకే అసహ్యం వేసింది.

“నీ చేతులకేం కాలేదు మాసన్నా. నేను పట్టుకోకుండానే పట్టుకున్నా అన్నాను. నా ధ్యాసంతా పిట్ట మీదుంది. పడేసింది నేనే.”

గుమ్మంలో మంచినీళ్ళ గ్లాసుతో వస్తున్న ఉదయశ్రీ అక్కడే ఆగిపోయింది.

మాసా కోడి మెడ నిమిరాడు. నెల రోజులు ఎందుకు ఊరుకున్నావని అడిగాడు. అభిషేక్ తల దించుకున్నాడు.

“నాకు చెప్తే అయిపోదు” అన్నాడు మాసా. “మా వాళ్ళ ముంగట అన్నవ్. మా వాళ్ళ ముంగటనే చెప్పాలె. కోడి నువ్వు తేవాలె.”

ఆదివారం తెస్తానన్నాడు అభిషేక్. మాసా తలూపి, ఆ వస్తువు ఒకసారి చూడాలన్నాడు.

అభిషేక్ లోపలికి వెళ్ళాడు. ఫారం తెరిచే ఉంది. నిలబడే ‘అవును’ గడి నొక్కాడు. వారంటీ వర్తించదని వచ్చింది. బాధ వేయలేదంటే అబద్ధం. లెన్సు తీసుకుని వరండాలోకి వచ్చాడు.

మాసా కోడిని మెట్టు మీద పెట్టి, చేతులు పంచెకు తుడుచుకుని లెన్సు అందుకున్నాడు. పట్టిన అని తనే చెప్పాడు. అటూ ఇటూ తిప్పి, సొట్ట మీద బొటనవేలు పెట్టి చూశాడు. తర్వాత లెన్సుతో చెయ్యి చాచాడు.

“పట్టినవా సారూ?”

అభిషేక్ రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, పట్టుకున్నానన్నాడు.

మాసా వెంటనే వదల్లేదు. వంగి అభిషేక్ వేళ్ళ వైపు చూశాడు. ముడుచుకున్నాయని చూసుకున్నాకే చెయ్యి తీశాడు.