పరస్థానం పెట్టిన సంచి

నేను ఒక గుడ్డసంచిని. హిందూపురంలో ఒక టైలరు కొట్లో మిగిలిన ముక్కలతో పుట్టాను. ఒకవైపు ఖాకీ, ఇంకోవైపు కర్టెన్ పూలు. చిన్నప్పుడు హేమ పలక మోశాను. తర్వాత ఆమె అవ్వ కదిరమ్మ చేతికి వచ్చి ఏళ్ల తరబడి రేషన్ బియ్యం మోశాను. ఆ బరువుకే నా అడుగు మూల కుట్టు వదిలింది. ఎవరూ చూడలేదు. నాకు తెలుసు. మూతి ఉంది గానీ మాట లేదు కదా, ఏం చేయను?

కదిరమ్మకు ఒక కన్ను ఎప్పుడో పోయింది. రెండోది ఏడాదికి మించి నిలవదన్నాడు డాక్టరు. ఆ చూపైనా అద్దాలుంటేనే. చూపు ఉండగానే మైసూరు ప్యాలెస్ దీపాలు చూడాలని ఆమె ఆశ. హేమకు గార్మెంట్స్‌లో ఆదివారమే సెలవు. దీపాలూ ఆదివారమే వెలుగుతాయని తెలుసుకుని జీపు మాట్లాడింది.

"ఆదివారం పడమటికి వారశూల ఉండాది. నేను రాను పో," అంది కదిరమ్మ.

"వాళ్లు నీ శూల చూసి లైట్లేస్తారా అవ్వా?"

పక్కింటి గంగరత్నమ్మ ఉపాయం చెప్పింది. "పరస్థానం పెట్టక్కా. శనివారం మంచి గడియలో నీ సంచి మా ఇంట్లో పెట్టు. నువ్వు ఆ పొద్దే బయల్దేరినట్టు లెక్క."

మనుషులు గట్టివాళ్లు. దిక్కుల్ని మోసం చేయడానికి నన్ను ముందు పంపారు!

కదిరమ్మ నాలో ఒక చీర, రెండు తమలపాకులు పెట్టింది. "దినామూ వాడే వస్తువుంటేనే నేను బయల్దేరినట్టు" అంటూ ముక్కు మీది అద్దాలు కూడా తీసి వేసింది. మైసూరు చేరేదాకా నా మూతి విప్పకూడదని నియమం.

ఆదివారం తెల్లారి గంగరత్నమ్మ నన్ను మేకు నుంచి తీసింది. అద్దాలు ఆ కుట్టు వదిలిన మూలకు జారాయి. దారాలన్నీ బిగబట్టాను. ఆగలేదు. కింద శనక్కాయల మూట మీద పడ్డాయి. చప్పుడైనా కాలేదు.

ప్యాలెస్ గేటు ముందు కదిరమ్మ నన్ను విప్పి తడిమింది. ఆమె వేలు నా మూలలోంచి బయటికి వచ్చేసింది. కాసేపు అలాగే ఉంచింది.

"అద్దాలు పెట్టుకోవ్వా!"

"చెమట పడతాంది. ఉండనీలే."

హేమ రోజూ వందల చొక్కాలకు కాలర్లు కుట్టే పిల్ల. ఈ చిల్లి చూస్తే ఎంత కుమిలిపోతుందో అనుకుందేమో, కదిరమ్మ పిడికిలితో మూసిపెట్టింది. తోటంతా మనవరాలి చేయి పట్టుకుని తిరిగింది. సాయంత్రం దీపాలు వెలిగాయి. జనం ఒక్కసారిగా 'ఓ' అన్నారు.

"ఎట్లుండాదవ్వా?"

"బంగారు కాచి కుమ్మరించినట్టుండాది."

మరునాడు గంగరత్నమ్మ అద్దాలు తెచ్చింది. "హేమకు చెప్పొద్దు," అంది కదిరమ్మ. చేత్తో తడుముకుంటూ పచ్చదారంతో నా మూల కుట్టింది.

ఇప్పుడు ఆ కన్నూ లేదు. మేకుకు నేను, నాలో ఆ అద్దాలు. ఇంటికి ఎవరొచ్చినా హేమ అంటుంది: "మా అవ్వ దీపాలు చూసేసింది. నాకదే చాలు."

అప్పుడు కదిరమ్మ గోడ పట్టుకుని నా దగ్గరికి వస్తుంది. ఆ పచ్చదారం మీద ఒకసారి వేలు పెట్టి పోతుంది.