మొండెం లేని స్వెటర్

ట్రంకు పెట్టెలో రెండు చేతులు ఉన్నాయి, మొండెం లేదు.

స్వరూప కళ్లు నులుముకుని మళ్లీ చూసింది. కుడి చెయ్యి ఉంది, ఎడమ చెయ్యి ఉంది, పక్కన నాఫ్తలీన్ ఉండలు ఉన్నాయి. అడుగున పాత దుప్పటి మడతలో ఉండాల్సిన స్వెటర్ ఒళ్లు మాత్రం లేదు. ముందు భాగం, వీపు కలిపి కుట్టి, మెడ కూడా తేల్చి భద్రంగా దాచుకున్న మెరూన్ రంగు ఒళ్లు అది. దుప్పటి దులిపింది. పెట్టె బోర్లించింది. ఒక బొద్దింక బయటపడి, తనకీ గొడవకీ సంబంధం లేదన్నట్టు గోడ పట్టుకుని వెళ్లిపోయింది.

"మామా, స్వెటర్ పోయింది," అంది స్వరూప. అరిచినంత పని చేసింది.

చెయ్యదా మరి. శాలిబండలో ఆ సందుకు స్వరూప టీచరు స్వెటర్ తెలియనిది కాదు. పెళ్లయిన కొత్తలో భర్త డానియేలు కోసం మొదలుపెట్టింది. సర్కారు బడిలో లెక్కలు చెప్పే ఆమెకు చలికాలమంతా పరీక్ష పేపర్లు దిద్దడంతోనే సరి. ఊలు ముట్టుకునే తీరిక ఎండాకాలం సెలవుల్లోనే దొరుకుతుంది. ఎండాకాలంలోనేమో ఊలు చెమట చేతులకు జిగురులా అంటుకుంటుంది. నాలుగు వరసలు అల్లడం, విసుగొచ్చి పెట్టెలో పడెయ్యడం, ఏటా ఇదే వరస. ఆ పెట్టెలో ఇలాంటివి ఇంకా ఉండేవి. పుట్టబోయే మేనల్లుడికని ఒక మేజోడు అల్లి ఆపేసింది. ఆ మేనల్లుడు ఇప్పుడు ఇంటర్ చదువుతున్నాడు, మీసం కూడా వచ్చింది. ఏళ్లుగా రాని మెట్రో రైలు ఫలక్‌నుమా దాకా వచ్చేది ముందా, టీచరమ్మ స్వెటర్ అయ్యేది ముందా అని సందులో నవ్వుకోవడం అలవాటు.

ఈ ఏడు పక్కింటి ఇక్బాలున్నీసా ఆ నవ్వులాటను పందెం చేసింది. స్వరూపకు ఆమె ఆపా, అంటే అక్క. చీరల మీద జర్దోజీ కుట్టుపని చేస్తుంది. ఒక చీర ముగిస్తే గానీ ఇంకో చీర ముట్టదు, ముట్టేవాళ్లను చూస్తే ఊరుకోదు.

"బడి తెరిచేలోపల పెట్టెలున్నయన్ని ఖతం చెయ్యి టీచరమ్మా. చెయ్యకపోతే సూదులు నాకిచ్చెయ్యి. ఊలంతా మా ఆయన దిండ్లల్ల నింపుకుంటడు," అంది. ఆమె భర్త దస్తగీర్‌కు పరుపులు కుట్టే దుకాణం ఉంది.

సందంతా వింటుండగా స్వరూప సరేనంది. అన్న తరవాత గుర్తొచ్చింది, ఆ సూదులు చనిపోయిన తల్లివి. వాటి మొనలు అమ్మ చేతుల్లోనే అరిగాయి. ఇక వెనక్కి తగ్గే దారి లేదు.

అప్పట్నుంచి చేతులకు పౌడరు రాసుకుని, మెడ మీద తడి తువ్వాలు వేసుకుని అల్లింది. మఫ్లర్ అయింది. టోపీ అయింది. మేజోడు మేనల్లుడి కాలికి ఎలాగూ పట్టదు కాబట్టి మూతికి తాడు కుట్టి సెల్‌ఫోను సంచి చేసింది. ఈ పొద్దున స్వెటర్ రెండో చెయ్యి కూడా ముగించి మొదటిదాని పక్కన పెట్టింది. టీ తాగొచ్చి, చేతులు ఒంటికి అతికిద్దామని పెట్టె తెరిచింది. బడి తెరవడానికి వారం కూడా లేదు.

మామ సామ్యూల్ ముందు గదిలో, కిటికీకి బిగించిన ఇనుప కూలర్ ఎదురుగా, బనీనూ లుంగీతో కూర్చున్నాడు. రైల్వేలో గార్డుగా రిటైరయిన మనిషి. ఎండలు ముదిరినప్పటి నుంచి ఆ కుర్చీ దిగింది తిండికీ ప్రార్థనకే. కోడలి మాట విని లేవలేదు గానీ చెయ్యెత్తాడు.

"ఎవ్వరు బయటికి పోవద్దు. తలుపులు బంద్ చెయ్యిన్రి. విచారణ నేను చేస్త."

"ఇంట్ల ఉన్నదే ముగ్గురం బాపూ," అన్నాడు డానియేలు. ఆర్టీసీ డిపోలో మెకానిక్ అతను. ఆ రోజు వీక్లీ ఆఫ్, నేల మీద పడుకుని ఉన్నాడు.

"అయితే నీతోనే షురూ. స్వెటర్ నీకోసమే గదా. ఆ రంగు నచ్చలేదని అన్నవా లేదా?"

"అన్న. అది తొడుక్కుంటే గ్యాస్ సిలిండర్ లెక్క ఉంటనన్న. అంటే దొంగనా?"

"సిలిండర్ లెక్క ఉంటవా?" అంది స్వరూప. ఈ మాట ఆమెకు కొత్త.

"అది కాదు స్వరూపా. నేనే దొంగనైతే చేతులు మాత్రం ఎందుకిడుస్త? అవి గూడ ఎత్తుకపోదును. మల్ల అతికిస్తవన్న భయం ఉండకపోవు."

ఈ వాదనలో బలం ఉందని స్వరూపకు తోచింది. మనసులో మాత్రం ఆ సిలిండర్ మాటను విడిగా దాచిపెట్టుకుంది, తరవాత చూసుకుందామని.

సామ్యూల్ గడ్డం నిమురుకున్నాడు. "అట్లయితే బయటి చెయ్యి. ఎవరికి లాభం? ఇక్బాలమ్మకు. ఎవరింట్ల మేక ఉన్నది? ఇక్బాలమ్మ ఇంట్ల."

బక్రీదు దగ్గర పడింది. దస్తగీర్ మేకను ముందుగానే కొని తెచ్చి పెరట్లో కట్టేశాడు. పిల్లలు దానికి షేరూ అని పేరు పెట్టుకున్నారు. మధ్య గోడ నడుమెత్తు కూడా ఉండదు. స్వరూపకు వెంటనే ఇంకో సంగతి వెలిగింది. కొన్ని వారాలుగా ఇల్లంతా తడిసిన మేక వాసన. పక్కింటి నుంచి వస్తోంది, పండగ దాటితే పోతుంది, అడిగితే బాగుండదని ముక్కు మూసుకుంటూ వచ్చింది. మేక గోడ దూకి ఇంట్లోకే వస్తోందన్నమాట.

"మేకనే తిన్నది," అన్నాడు సామ్యూల్. "కేసు ఖతం."

"పెట్టె మూత తీసి, దుప్పటి మడత విప్పి, తిని, మల్ల మడత పెట్టిందా మామా?"

"ఈ కాలం మేకలను తక్కువ చెయ్యకు బిడ్డా."

స్వరూప ఆగలేదు. మిట్టమధ్యాహ్నం, నేల పెనంలా కాలుతుంటే, చెప్పులు కూడా వేసుకోకుండా పక్కింటి గుమ్మం ముందు నిలబడింది. వెనక డానియేలు వచ్చాడు. సామ్యూల్ మాత్రం కుర్చీలోంచే విచారణ నడిపిస్తానన్నాడు.

ఇక్బాలున్నీసా మగ్గం మీద నుంచి తలెత్తి అంతా విన్నది. సూది చీరలో గుచ్చి పక్కన పెట్టింది.

"నేను చోరీ చేయించిననా? అరే స్వరూపా, నిన్ను ఓడగొట్టనీకి చోరీ ఎందుకు? నువ్వు అల్లుతుంటే నేను జర ఆగితే సాలు, నువ్వే ఓడుతవ్."

"నువ్వు కాదు ఆపా. నీ మేక."

"షేరూనా?" ఇక్బాలున్నీసా ముఖం మారిపోయింది. తనను దొంగ అన్నా ఇంత బాధపడలేదు. "అది నీ ఊలు తింటదా? పొద్దున నానబెట్టిన శెనగలు, సాయంత్రం పచ్చ గడ్డి. నిన్న కొత్తిమీర కట్ట వాడిపోయిందని మూతి తిప్పుకున్నది."

"మరి మా ఇంట్ల దాని వాసన ఎందుకొస్తుంది? ఎన్ని రోజులాయె, తడిసిన మేక వాసన. నేనే మర్యాదకు అడగలేదు."

ఇక్బాలున్నీసా ఆమె చెయ్యి పట్టుకుని పెరట్లోకి లాక్కుపోయింది. నీడన, ఒక టేబుల్ ఫ్యాను ముందు, షేరూ రాజులా నిలబడి ఉంది.

"వాసన చూడు."

"వద్దులే ఆపా."

"ఇంత మాట అన్నంక చూడాలె."

లెక్కల టీచరు వంగి మేక మెడ వాసన చూసింది. షాంపూ. ఆ వెనక సన్నగా అత్తరు. మేక కూడా మర్యాద తప్పకుండా ఆమె జుట్టు వాసన చూసి, నచ్చక తుమ్మింది.

స్వరూప నడుము నిటారు చేసింది. మేకకు మేక వాసన లేదు. మరి తన ఇంట్లో ఉన్నదేమిటి?

"పదా, నేను గూడ వస్త," అంది ఇక్బాలున్నీసా. "నా షేరూ ఇజ్జత్ సంగతి ఇది."

ముగ్గురూ వెనక్కి వచ్చారు. గుమ్మంలో అడుగు పెట్టగానే ఇక్బాలున్నీసా కొంగుతో ముక్కు మూసుకుంది.

"యా అల్లా. మేక మీ ఇంట్లనే ఉన్నది."

"కూర్చో ఇక్బాలమ్మా, షర్బత్ తాగు," అన్నాడు సామ్యూల్. ఎన్నడూ లేనిది కుర్చీలోంచి లేచి, కూలర్‌కు అడ్డంగా నిలబడ్డాడు. "స్వరూపా, వంటింట్ల చూసినవా? బియ్యం డబ్బా చూసినవా?"

స్వరూప ముక్కును నమ్ముకుంది. పడక గదిలో వాసన తక్కువ. వంటింట్లో అసలే లేదు. ముందు గదిలో ఎక్కువ. గాలి వీస్తున్న చోట మరీ ఎక్కువ. మామ నిలబడ్డ చోట మేక ఏకంగా భుజం మీద చెయ్యి వేసినట్టే ఉంది.

"జర పక్కకు జరుగున్రి మామా."

"కరెంటుతోని పని బిడ్డా. షాక్ కొడ్తది."

డానియేలు బయటి వైపుకు వెళ్లి కూలర్ పక్క తలుపు ఊడదీశాడు. మామూలుగా అక్కడ తడిసే కూలర్ గడ్డి ఉంటుంది, దాంట్లోంచి గాలి చల్లబడి లోపలికొస్తుంది. గడ్డి లేదు. గడ్డి ఉండాల్సిన జాలీకి స్వెటర్ ఒళ్లు వేలాడుతోంది. భుజాలు తీగతో కట్టేసి ఉన్నాయి. పై నుంచి పడుతున్న నీళ్లకు తడిసి, సాగి, డానియేలు ఒక్కడికి కాక అతని డిపో మొత్తానికి సరిపోయేలా ఉంది. కింద తొట్టిలో నీళ్లు రూహ్ అఫ్జా షర్బతు కలిపినట్టు ఎర్రగా ఉన్నాయి.

ఇన్నాళ్ల మేక వాసనంతా ఈ తడిసిన ఊలుదే. కూలర్ మాత్రం హాయిగా తిరుగుతోంది.

"నేను పై నుంచి పైపుతోని నీళ్లు పడ్తనంతే. పక్క తలుపు ఎన్నడు తియ్యలే," అన్నాడు డానియేలు.

ఇక్బాలున్నీసా స్వెటర్‌ను, తరవాత స్వరూపను ఎగాదిగా చూసింది.

"సమజైంది. ఓడిపోతనని నువ్వే పెట్టినవ్. పోయిందంటే పందెం పోతదనుకున్నవ్. మధ్యల నా మేక మీద చోరీ ఇల్జాం."

"నేనెందుకు పెడ్త ఆపా? రెండు చేతులు గూడ అయిపోయినయ్."

"ఇంకెవరు పెడ్తరు? మీ ఆయన పెట్టలే. సామ్యూల్ చాచా విచారణ చేస్తున్నడు. వేరే ఎవరన్న చేసిన్రని చూపించు, బడి తెరిచినంక గూడ టైమిస్త. చూపియ్యకపోతే మాట మాటే. సూదులు తే."

రుజువు లేని లెక్కకు మార్కులుండవని పిల్లలకు చెప్పేది స్వరూపే. లోపలికి వెళ్లింది. సూదులు తెచ్చింది. అరిగిన మొనల మీద ఒకసారి వేలు పెట్టి చూసుకుని, చెయ్యి చాచింది. ఇక్బాలున్నీసా అందుకోబోయింది.

అప్పుడు సామ్యూల్ చేసిన పని చూసి డానియేలు నోరు తెరిచాడు. ఆ ఎండాకాలంలో మొదటిసారి, మిట్టమధ్యాహ్నం, తన చేత్తో తానే కూలర్ స్విచ్ ఆపేశాడు. నుదుట అప్పుడే చెమట మొదలైంది.

"ఆగు ఇక్బాలమ్మా. నేనే పెట్టిన. ఎండలు షురూ అయినప్పుడే ఆ పక్క గడ్డంతా కుళ్లి రాలిపోయింది. కొత్తది తేనీకి బయల్దేరిన. సగం దూరం పోయిన, తల తిరిగింది, సోడా తాగి వాపస్ వచ్చిన. ఇంట్ల ఏమన్న దొరుకుతదా అని చూస్తే పెట్టె అడుగున గిది దొరికింది. అప్పటికి మీ పందెం లేదు బిడ్డా. ఇన్నేండ్ల సంది అట్లనే ఉన్నది, ఇగ అయ్యేది లేదనుకున్న, తప్పే. తర్వాత నువ్వు పౌడర్ పూసుకొని అల్లబట్టినవ్. నువ్వు ఒక్కొక్క వరస ఎక్కుతుంటే నా పానం కిందికి దిగింది. తీసి పెట్టెల పెడ్దామని రెండు మూడు సార్లు తీగ విప్పిన గూడ. విప్పంగనే వేడి గాలి మొహం మీద కొట్టింది, మల్ల కట్టేసిన. నౌకరీ అంతా రైలు ఆఖరి డబ్బాల కాలిన ఇనుము మీద కూసున్నోణ్ణి, గింత సల్లటి గాలి నా జన్మల సూడలే. మేక మీద ఏసింది అబద్ధం, దాన్ని గూడ మాఫీ అడుగుత. సూదులు స్వరూపవే, టైమియ్యి. గడ్డి రేపు నేనే పోయి తెస్త. అడిగేది ఒక్కటే బిడ్డా, అది నీదే, తీస్తె తియ్యి, కాని గిప్పుడే వద్దు, జర పొద్దుగూకనియ్."