మడత దండెం

మా గదిలో ఇద్దరికి సరిపడా ఖాళీ లేదని కొలతలాయన చెప్పిన రోజున వదిన దండెం మీద నా లంగా ఆరేస్తోంది.

వదిన అంటే మా ఆయన అక్క. ఆయన పోయి పదహారేళ్ళయింది. అప్పటినుంచీ ఆవిడా నేనూ ఈ నాలుగో అంతస్తు గదిలోనే ఉంటున్నాం. ఒక గది, ఒక వంటగట్టు, ఒక కిటికీ. కిటికీకి జానెడు దూరంలో పక్క భవనం గోడ. ఎండ రాదు కాబట్టి గది మధ్యలో ఈ మేకు నుంచి ఆ మేకుకు తాళ్ళు కట్టి బట్టలు ఆరేసుకుంటాం.

కొలతలాయన భవనం ఆఫీసు మనిషి. మోకాళ్ళ మీద కూర్చుని గుడ్డ టేపు గోడ నుంచి గోడకు పరిచాడు. లేచి కాగితం మీద ఏదో కూడి, ఏదో తీసేశాడు.

"మనిషికి నలభై చదరపు అడుగుల ఖాళీ నేల ఉండాలమ్మా. సామాను పోను మీకు తొంభై ఉంది."

"ఇద్దరికీ ఎనభై. ఇంకా పది మిగిలిందిగా," అంది వదిన.

"దండెం కింద నేల పన్నెండు. అది ఖాళీ కిందికి రాదు. డెబ్భై ఎనిమిదే తేలింది. రెండు తక్కువ."

"రెండడుగులకి ఇప్పుడేం చెయ్యమంటావు నాయనా?"

"ఒక మనిషిని తగ్గించాలి," అన్నాడు, కూరలో ఉప్పు తగ్గించమన్నట్టు.

రిజిస్టరులో రెండో పేరు వదినది. రెండో పేరు వాళ్ళకి ఊరి అవతలి కొసన ఒంటరి గది ఇస్తారట. పదిరోజుల్లో మళ్ళీ వచ్చి కొలుస్తానన్నాడు.

"ఆ వేళకి తాళ్ళు విప్పేస్తాంలే," అంది వదిన.

"మేకు ఉంటే తాడు ఉన్నట్టే లెక్క. గోడకు మడుచుకునే దండెమైతే మాత్రం మడిచిన కొలతే రాసుకుంటాను." అలా చెప్పి, చెప్పులు వేసుకుని, దిగి వెళ్ళిపోయాడు.

వదిన తడి లంగా చేతిలో పట్టుకుని నిలబడిపోయింది.

"ఇల్లు ఇరకటం, ఆలి మర్కటం అన్నారు. ఆడపడుచు గతేంటో ఎవరూ చెప్పలేదే మరదలా. నలభై ఏళ్ళు నీతో వేగి, చివరికి ఒక తాడు ముక్క చేతిలో ఓడిపోయాను."

ఎవరైనా పాలపొట్లం తేవడానికి గుమ్మం దాటినా, వాళ్ళ అడుగుల చప్పుడు మెట్ల మీద ఎక్కడిదాకా వినపడుతుందో లెక్కపెడతాను. వదిన అడుగులు నలభై రెండు మెట్ల దాకా వినపడతాయి. ఊరి అవతలి కొస నుంచి వినపడవు.

ఆ రాత్రే దండెం బొమ్మ గీయడం మొదలుపెట్టాం.

నేను బడికి వెళ్ళలేదు. పొట్లాలు కట్టిన కాగితాలు విప్పి చదువు నేర్చుకున్నాను. నా దగ్గర మొదటి ముప్పై పేజీలు లేని యంత్రాల పుస్తకం ఒకటుంది. యంత్రాలు ఎందుకు కావాలో ఆ ముప్పై పేజీల్లో ఉండి ఉంటుంది. ఎలా చెయ్యాలో నా దగ్గరుంది. వదిన యాభై ఏళ్ళు బట్టలు కుట్టింది. కాగితం మీద గీత కంటే చేతిలో కత్తెరే ఆవిడకి నమ్మకం.

మొదట పాత గొడుగుకి గుడ్డ విప్పేసి ఊచల మీద జేబురుమాళ్ళు ఆరేశాం. గది మధ్యలో తెరిస్తే వదిన చెవి పక్కనుంచి ఒక ఊచ దూసుకుపోయింది. "నన్ను పంపించాలనుంటే నోటితో చెప్పొచ్చు కదే," అంది. రెండోది కప్పీతో పైకప్పుకి లేచే పలక. రెండు తడి చీరలు వేసి పైకి లాగాం. చీరలు పైకి లేవలేదు, తాడు పట్టుకున్న నేను లేచాను. వదిన నవ్వు ఆపుకోలేక నన్ను దింపడానికి కాసేపు పట్టింది.

మూడోది పుస్తకంలోదే. చెక్కపట్టీలు ఒకదాని మీద ఒకటి కత్తెరలా అడ్డంగా వేసి, కలిసిన చోటల్లా కీలు పెట్టాలి. లాగితే గది సగం దాకా సాగుతుంది. తోస్తే గోడకు అతుక్కుని నాలుగు వేళ్ళ మందం అవుతుంది. వదిన అట్టముక్కలు కోసి, కీళ్ళ బదులు చొక్కా గుండీలు కుట్టి నమూనా చేసింది. మంచం మీద పెట్టి లాగుతూ తోస్తూ, ఆవిడ మొహం పసిపిల్ల మొహంలా అయిపోయింది.

వడ్రంగి నమూనాని అటూ ఇటూ తిప్పి చూశాడు. "బానే ఉంది పెద్దమ్మా. కీళ్ళకి మాత్రం చీలలు పెడతాను. కావాలంటే ఊడదీసుకోవచ్చు."

"ఊడేది వద్దు," అన్నాను.

"శుభ్రం చేసుకోవడానికి..."

"నా ఇంట్లో ఏదీ ఊడకూడదు. రివెట్లు కొట్టు."

"రేపేదైనా మధ్యలో ఇరుక్కుంటే?"

"ఇరుక్కుంటే అన్నీ కలిసే ఉంటాయిగా."

వడ్రంగి వదిన వైపు చూశాడు. వదిన, "కొట్టు నాయనా. ఆవిడ దువ్వెనకి పన్నూడినా మూడురోజులు బెంగపడుతుంది," అంది. ముప్పై రెండు రివెట్లు కొట్టి, చివర ఒక గొళ్ళెం పెట్టి వెళ్ళాడు. పాత మేకులు పీకేశాం. తోసి గొళ్ళెం వేస్తే దండెం సరిగ్గా నాలుగు వేళ్ళ మందం. వదిన తన వేళ్ళతో కొలిచింది, నేను నా వేళ్ళతో కొలిచాను. ఆవిడ వేళ్ళు లావు, అయినా సరిపోయింది.

ఇద్దరం మరిచిపోయిందల్లా ఒకటే, మా ఇంటి పద్ధతి.

మా ఇంట్లో దండెం మీద ఒక్క బట్ట తడిగా ఉన్నా మిగతావేవీ తీయం. అన్నీ ఆరాకే అన్నీ కలిపి తీస్తాం. మా ఆయన పోయిన రోజు నేను ఆరిన బట్టలన్నీ తీసి మడతలు పెట్టాను. ఆయన చొక్కా ఒక్కటే ఆరలేదని తాడు మీద వదిలేశాను. అది ఆరేలోపల ఆయన లేరు. ఆ చొక్కా ఒంటరిగా ఊగుతున్నది నేను చూశాను. అప్పటినుంచీ ఈ పద్ధతి పెట్టాను. వదిన పదహారేళ్ళుగా దీన్ని తిడుతూ పదహారేళ్ళుగా పాటిస్తోంది.

పదోరోజు పొద్దున వాన. అంతకు రెండు రోజుల ముందు నుంచీ వాన. దండెం నిండా బట్టలు. అన్నిటి మీదా ఒక దుప్పటి, చివరల నుంచి నీళ్ళు కారుతూ.

"దుప్పటి ఎందుకు తడిపావు వదినా?"

"ఇల్లు శుభ్రంగా ఉంటే ఆయనకి జాలేస్తుందనుకున్నాను."

"ఇప్పుడు ఎలా తీస్తాం?"

"తీయకుండా మడిచేద్దాం. మడిచే దండెమేగా!"

మెట్ల మీద చెప్పుల చప్పుడు మొదలైంది. ముప్పై మెట్లు, ఇరవై. ఇద్దరం చెరోవైపు నిలబడి, భుజాలతో తోసి, బట్టలతో సహా దండేన్ని గోడకు అదిమాం. నాలుగు వేళ్ళు కాదు, మూరెడు మందం వచ్చింది. వదిన ఒళ్ళంతా వేసి నొక్కితే గొళ్ళెం పడింది.

కొలతలాయన లోపలికొచ్చి గది చూసి తలూపాడు. దండెం పక్కన గోడమూలకి టేపు మొదలు ఆనించి, దాని మీద మా రోకలి బరువుగా పెట్టి, వెనక్కి జరుగుతూ పరుచుకుంటూ వెళ్ళాడు. నేను గొళ్ళెం వైపు చూడకూడదనుకుంటూ గొళ్ళేన్నే చూస్తున్నాను.

టప్‌మంది.

దండెం ఒక్కసారిగా విచ్చుకుంది, అలిగిన కోడి రెక్కలు విదిలించినట్టు. రోకలి దొర్లిపోయింది. కొలతలాయన నెత్తిన వదిన చీర పడింది. దుప్పటి తడిచేత్తో ఆయన వీపు చరిచింది. చీర తొలగించుకుని చూసుకునేసరికి టేపు మొదలు దండెం మింగేసింది. పట్టీల మధ్య ఈ కీలు నుంచి ఆ కీలు దాకా మెలికలు తిరిగి బిగిసిపోయింది.

ఆయన లాగాడు. రాలేదు. కాలు గోడకు తన్నిపెట్టి లాగాడు.

"ఇదెలా ఊడుతుందమ్మా?"

"ఊడదు నాయనా," అంది వదిన. "ఊడకూడదనే రివెట్లు కొట్టించాం." ఆ మాటలో కాస్త గర్వం కూడా వినపడింది నాకు.

"మళ్ళీ మడిస్తే వదులవుతుందేమో?"

"బట్టలుండగా మడిస్తే మళ్ళీ ఇలాగే విచ్చుకుంటుంది."

"అయితే తీయండి."

ఇద్దరం దుప్పటి వైపు చూశాం.

"తీయండమ్మా!"

"దుప్పటి ఆరలేదు," అన్నాను.

"ఆరినవి తీయండి. దుప్పటి తరవాత..."

నేను దండేనికి అడ్డంగా నిలబడ్డాను. వదిన ఆయన చెవి దగ్గరికెళ్ళి చొక్కా సంగతంతా చెప్పింది. ఆయన విని, దండెం వైపు చూసి, తన టేపు వైపు చూసి, పీట మీద కూర్చున్నాడు. "ఎంతసేపట్లో ఆరుతుంది?" అన్నాడు చిన్నగా.

"ఎండొస్తే రెండుగంటలు."

"మీకు ఎండ రాదుగా."

"అదే చెబుతున్నాం."

ఆయన తన ఫారాలు పెట్టుకునే అట్టతో దుప్పటికి విసరడం మొదలుపెట్టాడు. వదిన రెండోవైపు నుంచి చాటతో విసిరింది. నేను టీ పెట్టాను. ఆయన జేబులోంచి చిన్న నీలంపుస్తకం తీసి పక్కన పెడితే ఆగలేక అందుకున్నాను. అక్షరం కనపడితే చివరిదాకా చదవకుండా వదలడం నావల్ల కాదు. సగంలో వదిలేస్తే మిగతా సగం ఏమైపోతుందోనని బెంగ. అచ్చేసిన వాళ్ళ పేరుతో మొదలుపెట్టి బిగ్గరగా చదవసాగాను. అది కొలతల నియమాల పుస్తకం. వంటగట్టు ఎత్తు, తలుపు వెనక చోటు, పెంపుడు పిల్లులు. పద్నాలుగో నియమం దగ్గరికొచ్చాను.

"'ఆరబెట్టు సాధనమును దానిమీద వస్త్రములు లేని సమయమందే కొలవవలెను. తడి వస్త్రము ఒక్కటి యున్నను కొలత వాయిదా వేయవలెను. వాయిదా కాలమందు నివాసులను తగ్గించరాదు.'"

విసరడం రెండువైపులా ఆగిపోయింది.

"ఏదీ, ఎక్కడుంది?" కొలతలాయన పుస్తకం లాక్కుని చూశాడు. "పదకొండేళ్ళుగా ఈ పుస్తకం నా జేబులోనే ఉందమ్మా."

"జేబులో పెట్టుకుంటే చొక్కాకి వస్తుంది నాయనా చదువు," అంది వదిన.

ఆయన ఫారం తీసి, మా గది నంబరు ఎదుట 'వాయిదా' అని రాశాడు. వదిన చదువుకోలేదు గానీ ఆ మాట మీద వేలు పెట్టి, తడి ఉందా లేదా అన్నట్టు నిమిరింది.

టేపు మాత్రం ఇంకా దండెం నోట్లోనే ఉంది. దుప్పటి ఇంకా కారుతూనే ఉంది. మధ్యాహ్నం లోపల కింది అంతస్తులన్నీ కొలవాలట. చివరికి ఆయనే, "కోసేయండమ్మా," అన్నాడు.

"కోస్తే మళ్ళీ అతకదు నాయనా. ఇంకోసారి ఆలోచించుకో," అన్నాను.

వదిన అప్పటికే కత్తెర తెచ్చింది. నేను కళ్ళు మూసుకున్నాను. నలభై నాలుగో అంగుళం దగ్గర తెగింది. మిగతా టేపు చుట్టుకుని ఆయన వెళ్ళిపోయాడు. ఎప్పటిలాగే చప్పుడు ఆగేదాకా మెట్లు లెక్కపెట్టాను.

ఆ నెలంతా భవనంలో వింతలు జరిగాయి. మూడో అంతస్తులో కవలల తల్లిది ఎనిమిదడుగుల గది. అది పదకొండు అడుగుల ఎనిమిది అంగుళాలు తేలింది. రెండో అంతస్తు ముసలాయన తన తమ్ముణ్ణి కూడా తెచ్చి పెట్టుకోవచ్చన్నారు. ఆ తెగిన టేపుతో కొలిచిన ప్రతి గోడా మూడడుగుల ఎనిమిది అంగుళాలు పెరిగింది. భవనం లావెక్కుతోందని ఆఫీసు నుంచి ఒక మనిషి వచ్చి, గోడలు బీటలిచ్చాయేమోనని తట్టి చూసి వెళ్ళాడు.

"ఆయన చూసుకోడా?" అన్నాను వదినతో.

"టేపు మొదలు ఎవరు చూస్తారే? అందరూ చివర అంకే చూస్తారు. మనం కూడా కొలిపించుకుందాం. పెరిగిపోతాం."

"తెగిన ముక్క మన దండెంలో ఉంది వదినా. బట్టలు తీసి ఖాళీగా చూపిస్తే అది కనపడి, తన టేపు పొట్టిదని ఆయనకి తెలిసిపోదూ? రివెట్లు ఊడవు."

వదిన వంగి, పట్టీల మధ్య ఆ ముక్కని తడిమి చూసింది. ఆనాటి నుంచి రోజూ పొద్దున్నే ఒక జేబురుమాలు తడిపి, సరిగ్గా ఆ ముక్క మీద ఆరేస్తోంది. చోటు కలిసొస్తుందని చేయించిన దండెం ఆ తరవాత ఒక్కరోజు కూడా మడవలేదు. దాని కింద నుంచి వంగి నడుస్తున్నాం.

కొలతలాయన పదిరోజులకోసారి వచ్చి గుమ్మంలోంచే అడుగుతాడు. "ఆరాయా అమ్మా?"

"ఇంకా లేదు నాయనా."

'వాయిదా' అని రాసుకుని వెళతాడు.

మొన్న మాత్రం విపరీతమైన వేడి. ఎండ రాని గదిలో కూడా పదింటికల్లా అన్నీ అప్పడాల్లా ఎండిపోయాయి. జేబురుమాలు చేతిలో పెళపెళలాడింది. అప్పుడే మెట్ల మీద చెప్పుల చప్పుడు. కుళాయిలో నీళ్ళు లేవు. బిందె అడుగున గరిటెడు ఉన్నాయేమో, కంగారులో నా చెయ్యి తగిలి అవీ నేలపాలయ్యాయి. పదిహేను మెట్లు, పది.

"పక్కకి తప్పుకో," అంది వదిన. తను తాగుతున్న గ్లాసులో పమిట చెంగు ముంచింది. వెళ్ళి దండెం పక్కన నిటారుగా నిలబడి, ఆ చెంగుని టేపు ముక్క మీద చక్కగా పరిచి, అంచులు సర్దుకుంది. మిగతా చీర ఒంటిమీదే ఉంది.

కొలతలాయన గుమ్మంలో ఆగాడు. కరకరలాడే బట్టల వరసంతా చూశాడు. చివర వదిన దగ్గర ఆయన చూపు ఆగింది.

"అన్నీ ఆరిపోయినట్టున్నాయే?"

"నేనింకా ఆరలేదు నాయనా," అంది వదిన.

ఆయన నీలంపుస్తకం తీసి పద్నాలుగో నియమం ఒకసారి చదువుకున్నాడు. చెంగు చివర నుంచి ఒక చుక్క నేల మీద పడింది. ఆయన దాన్ని చూసి, ఫారం తీసి రాసుకుని, వచ్చే పదోరోజు వస్తానని చెప్పి దిగిపోయాడు.

చప్పుడు ఆగాక, "ఇంక వచ్చెయ్ వదినా," అన్నాను.

"ఎలా వస్తానే? ఆరందే ఏదీ తీయకూడదంటివిగా," అంది వదిన, అక్కడినుంచి కదలకుండా. "పీట ఇటు వెయ్యి. చాట కూడా తే."

పీట వేసి, పక్కన కూర్చుని, చెంగుకి విసరడం మొదలుపెట్టాను.