చాలు అన్న తరువాత

పొద్దున్నే ఇంట్లో మూత గురించి రగడ మొదలైంది. పెద్ద సత్తు గిన్నె ఉంది, దాని మూత లేదు.

"రెక్కలొచ్చి ఎగిరిపోదుగా" అంది అత్తగారు, కింది అరలోని గిన్నెలన్నీ బయటికి లాగి పరుస్తూ. "ఈ ఇంట్లో వంటసామాను కొట్టంలోకి మోసేది ఒక్కరే. మొన్న జల్లెడ. అంతకుముందు నా చెంబు."

"జల్లెడ నేనే తీసుకెళ్లాను అత్తయ్యా, తోమి తెచ్చిచ్చాను కూడా. మూత మాత్రం నేను ముట్టుకోలేదు" అంది కోడలు.

"అయితే గుర్రమే వచ్చి అడిగి పట్టుకెళ్లింది కాబోలు."

"అడిగితే మీరు ఇస్తారా ఏమిటి?"

అత్తగారికి నవ్వొచ్చింది కానీ పైకి రానివ్వలేదు. "పళ్లెం బోర్లించి వండితే ఆవిరంతా పోతుంది. నా మూత నాకు కావాలి, అంతే."

భర్త కిటికీ పక్కన కూర్చుని బూట్ల లేసులు కట్టుకుంటున్నాడు. ఇలాంటి గొడవల్లో మామూలుగా తలదూర్చి, ఇద్దరినీ చెరో మాట అని, నవ్వించి బయటపడే మనిషి. ఆ రోజు తల ఎత్తలేదు. భార్య గమనించింది. రాత్రి నిద్ర పట్టలేదేమో అనుకుని ఊరుకుంది.

బెదిరిన గుర్రాలను, మొండికేసిన గుర్రాలను దారికి తేవడం ఆ ఇంటి పని. స్వారీ నేర్పే బడులవాళ్లు తమకు లొంగనివాటిని తెచ్చి అక్కడ వదిలేవారు. బలంతో అయ్యేది భర్త చూసుకునేవాడు, ఓపికతో అయ్యేది ఆమె. ఎండాకాలం చివర్లో వచ్చిన నల్ల ఆడగుర్రం రెండో రకం. దానికి మసి అని పేరు పెట్టింది అత్తగారే.

మసిని ఎక్కించి తీసుకెళుతున్న, గుర్రాలను మోసే మోటారు బండి ఒకసారి దారిలో పక్కకు ఒరిగిపోయిందట. వెనక కాలి మీద పొడుగాటి మచ్చ మిగిలింది. అప్పటినుంచి బండిని చూస్తే ముందు కాళ్లు నేలలో పాతేసినట్టు నిలబడిపోయేది. తల పైకెత్తి, కంట్లో తెలుపు కనబడేలా చూసి, దగ్గరికి వెళితే తన్నేది. తెచ్చినవాళ్లు దానికి పొగరన్నారు. ఆమె రెండు రోజులు గట్టు మీద కూర్చుని చూసింది. పొగరున్న గుర్రం మనిషి మీదికి వస్తుంది. ఇది మనిషి నుంచి తప్పుకునే దారి వెతుకుతోంది, దొరకనప్పుడే కాలు విసురుతోంది.

ఆమె దానికి ఒకే మాట నేర్పింది. తాడు కొంచెం బిగించి ఒక అడుగు అడిగేది. గుర్రం ముందుకు వంగిందంటే, అడుగు వెయ్యకపోయినా సరే, తాడు వదులు చేసి "చాలు" అని పక్కకు తిరిగి నిలబడేది. ఆ మాట అన్న తరువాత ఇంకేమీ అడగదు. గుర్రం ముక్కుతో గాలి వదిలి, నోరు చప్పరించి, తల దించేదాకా చెయ్యి కూడా కదపదు. నియమం అదొక్కటే. మసి దాన్ని నమ్మేసరికి వానాకాలం వచ్చి వెళ్లిపోయింది. ఈమధ్యే బండిలోకి ఎక్కే వాలు పలక మీద ముందు కాళ్లు రెండూ పెట్టి, "చాలు" అనగానే నుదురు తెచ్చి ఆమె భుజానికి ఆనించసాగింది.

ఆ మాటను భర్తకు నేర్పిందీ ఆమే. గొంతు ఎంత దించాలో, చివర ఎలా సాగదీయాలో పక్కన నిలబెట్టి అనిపించింది. "పెళ్లయిన ఇన్నేళ్లకు నీ దగ్గర చాలు అనే హక్కు వచ్చింది" అని అతను వేళాకోళం చేశాడు. బండిలోకి ఎక్కించే రోజు మాత్రం తనే ఎక్కిస్తానని, తొందరపెట్టవద్దని ఆమె అడిగితే సరేనన్నాడు.

నిన్నంతా ఆమె చెల్లెలి ఇంట్లో ఉంది.

వంటింటి గొడవ చల్లారాక కొట్టంలోకి వెళ్లింది. మసి ఎదురు రాలేదు. గోడవైపు నిలబడి చెవులు మాత్రం తిప్పింది. మచ్చున్న కాలు వణుకుతోంది. భుజం పక్కనుంచి నెమ్మదిగా చేరి, తాడు తగిలించి, అర అడుగు అడిగింది. గుర్రం వంగింది.

"చాలు" అంది ఆమె.

మసి ఎగిరి వెనక్కి పడి గోడను ఢీకొంది. పక్కలనిండా చెమట. ఆమెను ఆశ్చర్యపరచింది ఆ దూకుడు కాదు, దాని చూపు. మసి ఆమె వైపు చూడటం లేదు. మెడ తిప్పి తన వెనక్కి చూసుకుంటోంది, అక్కడినుంచి ఏదో వస్తుందన్నట్టు.

ఆమె తాడు వదిలేసి, దాని ఊపిరి నెమ్మదించేదాకా ఆగింది. తరువాత అదే గొంతుతో "సరే" అంది. గుర్రం చెవి కదిపింది, అంతే. దాని భయం తనంటే కాదు. ఆ మాటంటే.

బయట బండి తలుపు తెరిచి లోపలి గడ్డిని కాలితో తోసింది. సత్తు మూత దొరికింది, అంచు సొట్టపడి. పక్కనే కర్ర.

భర్త కుళాయి దగ్గర బాల్చీ నింపుతున్నాడు. ఆమె మూతను అతనికి కనబడేలా పట్టుకుంది.

"స్వారీ బడి ఆయన నిన్న వచ్చాడు" అన్నాడు అతను. "ఎక్కుతుందా ఎక్కదా, తేల్చమన్నాడు. ఎక్కించి చూపించాను."

"ఎలా?"

"నువ్వు నేర్పినట్టే. పలక మీద నిలబడింది. చాలు అన్నాను, తల దించింది. అప్పుడు వెనకనుంచి కర్రతో మూత మోగించాను. ఒక్క దూకుతో లోపల పడింది."

"తల దించాక మోగించారు."

"దించకపోతే తల బండి పైకప్పుకు కొట్టుకోదూ?" పని శుభ్రంగా చేసినవాడి గొంతుతోనే అన్నాడు. "ఒక్క గీత పడలేదు దానికి. ఎల్లుండి తీసుకెళతానన్నాడు. నువ్వుంటే ఒప్పుకోవని నాకు తెలుసు."

"పొద్దున్న అత్తయ్య నన్ను అంటుంటే విన్నారు."

"ఒక మూత కోసం ఇంత..."

"విన్నారు."

అతను కుళాయి కట్టేశాడు. బాల్చీ ఇంకా నిండలేదు.

మధ్యాహ్నం ఆమె మూతను బూడిదతో తోమి గిన్నె మీద పెట్టింది. సొట్ట పడిన చోట అంచు ఆనక, ఆవిరి పక్కనుంచి పోతోంది. అత్తగారు మూతను చూసింది, కొడుకును చూసింది. "ఒరేయ్, నువ్వా?" అని మాత్రం అంది. అతను పళ్లెం ముందుకు లాక్కున్నాడు.

ఆమె వడ్డించింది. రెండో గరిటెకు అతను చెయ్యి అడ్డం పెట్టి "చాలు" అన్నాడు. ఆమె అతని చెయ్యి పక్కనుంచి మూడో గరిటె వేసింది.

"చాలన్నానుగా."

నాలుగోది వేసింది.

"అమ్మాయ్, వాడు చాలంటున్నాడు" అంది అత్తగారు మెల్లగా.

"వినబడింది అత్తయ్యా. నిన్న మసికీ వినబడింది." గరిటె గిన్నెలో పెట్టేసి, తన పళ్లెం ముందు కూర్చుంది. "బడి ఆయనకు ఫోను చేశాను. అది బండి ఎలా ఎక్కిందో చెప్పాను. స్వారీ నేర్చుకునేవాళ్లు గంటకు పదిసార్లు చాలు చాలు అంటారు, అన్నప్పుడల్లా కింద పడతారు, మీ ఇష్టం అన్నాను. ఎల్లుండి రానన్నాడు. మసి ఇక్కడే ఉంటుంది. మొదటినుంచి మళ్లీ మొదలుపెడతాను, ఇంకో మాటతో."

భర్త పళ్లెంలోని కుప్పను వేళ్లతో ఒక పక్కకు తోశాడు. "ఏ మాట?" అని అడిగాడు.

ఆమె సొట్ట మూతను గిన్నె మీదికి జరిపింది.

"అది మీకు చెప్పను."